కిట్ కారుకు రంగు ఎప్పుడు మొదలవుతుంది?

అందరికీ నమస్కారం.

ఇంట్లో కారు కట్టుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది పెయింటు గురించే. ఏ కంపెనీ రంగు మంచిది, ఎలాంటి స్ప్రే గన్ కొనాలి, ఎన్నిసార్లు కొట్టాలి అని. ఇవన్నీ చివరి రెండు మూడు రోజుల పనికి సంబంధించిన ప్రశ్నలు. నేను ఇవాళ మాట్లాడదలచుకున్నది అంతకు ముందు గడిచే నెలల గురించి. నా లెక్కలో కిట్ కారుకు రంగు వేయడం బాడీ షెల్ ఇంటికొచ్చిన రోజునే మొదలవుతుంది. బ్రేకు పైపు బిగించడం దగ్గర్నుంచి హెడ్‌లైటుకు చిల్లు పెట్టడం దాకా మీరు చేసే ప్రతి పనీ చివరికి పెయింటులో బయటపడుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఛాసిస్, బాడీ, కొన్ని విడిభాగాలు కంపెనీ పంపిస్తే, ఇంజను, గేర్‌బాక్సు లాంటివి ఒక పాత కారు నుంచి తీసి మనమే బిగించుకునేది కిట్ కారు. ఆ పాత కారును డోనర్ అంటారు. పేరున్న ఒకప్పటి కారును పోలి ఉండేలా చేసేది రెప్లికా. బ్రిటన్‌లో ఈ అలవాటు పెరగడానికి పెద్ద కారణం పన్ను. అక్కడ కొత్త కారు మీద పర్చేజ్ ట్యాక్స్ ఉండేది, విడిభాగాలుగా కొంటే అది పడేది కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారును చాలామంది అలా విడిగా కొని ఇంట్లోనే బిగించుకున్నారు. 1973లో ఆ పన్ను తీసేసి వ్యాట్ తెచ్చారు, దాంతో ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీకి వెళ్లాయి. పన్నులో మిగిలేది ఏమీ లేకపోయినా జనం మాత్రం ఇళ్లలో కార్లు కట్టడం మానలేదు. ఆ పనిలో ఉన్న ఆనందం అలాంటిది.

అమెరికాలో కథ ఇంకో దారిలో నడిచింది. కాలిఫోర్నియాలో పడవలు తయారుచేసే బ్రూస్ మేయర్స్ 1964లో ఫైబర్‌గ్లాస్‌తో ఒక చిన్న బగ్గీ చేశాడు. అదే మేయర్స్ మాంక్స్. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అడుగు భాగాన్ని పొట్టిగా కోసి, దాని మీద ఈ బాడీ కూర్చోబెట్టేవాళ్లు. పడవల పని తెలిసినవాడు కాబట్టే ఆయనకు ఫైబర్‌గ్లాస్‌తో ఏం చేయవచ్చో తెలిసింది. రేకును సాగగొట్టి ఒంపులు తేవాలంటే ఏళ్ల అనుభవం కావాలి. ఫైబర్‌గ్లాస్‌లో అయితే ఒక్క మంచి అచ్చు ఉంటే చాలు, అదే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంది. ఇవాళ మనం చూసే రెప్లికాల్లో ఎక్కువ భాగం ఫైబర్‌గ్లాసే. 1962లో అమెరికా మాజీ రేసింగ్ డ్రైవర్ క్యారల్ షెల్బీ బ్రిటన్‌లోని ఏసీ కంపెనీ తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టి కోబ్రాను తయారుచేశాడు. ఆ అసలు కార్ల బాడీ అల్యూమినియం. అవి వెయ్యి లోపే తయారయ్యాయి. వాటి రెప్లికాలు అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి, దాదాపు అన్నీ ఫైబర్‌గ్లాస్‌వే. పెయింటు వేసేవాడికి ఈ తేడా చాలా పెద్దది.

ఎందుకో చెప్తాను. నా చేతిలో ఉన్న ఈ ముక్క చూడండి. రేడియేటర్‌కు గాలి తగలడానికి ఒక బాడీలోంచి కోసేసిన భాగం ఇది. అంచు వైపు నుంచి చూస్తే పైన నున్నగా ఒకే రంగులో ఒక సన్నటి గీత కనిపిస్తుంది. అది జెల్‌కోట్. మందం సుమారు అర మిల్లీమీటరు. దాని కింద అడ్డదిడ్డంగా కనిపించేది గాజు పీచు. ఆ పీచును పట్టి ఉంచేది పాలిస్టర్ రెసిన్. తయారీలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. ముందు అచ్చు లోపల మైనం రుద్దుతారు, దాని మీద జెల్‌కోట్ పూస్తారు, ఆ తర్వాత పీచు పరిచి రెసిన్‌తో తడుపుతారు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తారు. అంటే మనం రంగు వేయబోయే ఉపరితలం పుట్టింది మైనం మీద. ఆ మైనం ఇంకా దాన్ని అంటుకునే ఉంటుంది.

కాబట్టి షెల్ రాగానే చేయాల్సిన మొదటి పని కడగడం. సబ్బు నీళ్లతో ఒకసారి, ఆరాక గ్రీజూ మైనం తీసే ద్రావకంతో ఇంకోసారి. ద్రావకం ఒక గుడ్డతో రాసి, అది ఆరిపోకముందే రెండో శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఇదంతా అయ్యేదాకా ఎమరీ పేపర్ ముట్టుకోకండి. మైనం ఉండగానే రుద్దితే అది గీతల లోపలికి దిగిపోతుంది. ఇక దాన్ని బయటికి తీయడం చాలా కష్టం. పెయింటు కొట్టిన రోజున చేప కళ్లలాంటి గుంటలు పడి రంగు పక్కకు జరిగిపోతే, అప్పుడు ఎవరూ ఆ మొదటి రోజును గుర్తు చేసుకోరు, గన్‌నో కంపెనీనో తిడతారు.

కడిగాక, షెల్‌ను ఎండ తగిలేచోట పెట్టి కొన్ని వారాలు వదిలేయమంటాను. ఈ మాట చెప్పగానే అందరి ముఖాలూ వాడిపోతాయి, కానీ ఇది తప్పదు. అచ్చులోంచి తీసినంత మాత్రాన రెసిన్ పూర్తిగా గట్టిపడినట్టు కాదు. లోపల రసాయన చర్య నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రవం ఆవిరై బయటికి పోతుంది, బాడీ కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది. ఆ మార్పు పెయింటుకు ముందే జరిగిపోవాలి. తర్వాత జరిగితే మెరిసే రంగు కింద నుంచి గాజు పీచు అల్లిక పైకి తేలి కనిపిస్తుంది. ముదురు రంగులు ఎండలో బాగా వేడెక్కుతాయి కాబట్టి నలుపు, ముదురు నీలం వేసినవాళ్లకు ఈ బాధ ఎక్కువ. చాలామంది కోబ్రా బిల్డర్లు కారు మొత్తం బిగించి, ఉత్త జెల్‌కోట్ మీదే కొన్ని నెలలు నడిపి, ఆ తర్వాతే రంగుకు విప్పుతారు. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. బాడీ కుదురుకుంటుంది, ఎక్కడ పగుళ్లు వస్తాయో తెలుస్తుంది, తలుపు ఎక్కడ ఒరుసుకుంటుందో తెలుస్తుంది.

అసలు బాడీ కూర్చోబెట్టకముందే ఇంకో దశ ఉంది. ఛాసిస్, ఇంజను, చక్రాలు, స్టీరింగు, ఒక సీటు, అంతే. అమెరికా బిల్డర్లు దీన్ని గో-కార్ట్ అంటారు. ఆ దశలో ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూసుకోవాలి. ఆయిల్ ఎక్కడ కారుతోందో, ఏ పైపు దేనికి తగులుతోందో అప్పుడు అంతా కళ్లెదుటే ఉంటుంది. మెకానికల్ పని గురించి ఎక్కువ చెప్పను, కానీ బ్రేకుల సంగతి చెప్పి తీరాలి. మామూలు డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. చక్రం మీది రెక్క (ఫెండర్) మీద నాలుగు చుక్కలు పడి కాసేపు ఉంటే రంగు ఉబ్బి ఊడొస్తుంది. అందుకని బ్రేకుల్లో గాలి తీసే పని రంగుకు ముందే ముగించండి. డాట్ 5 పెయింటును పాడుచేయదు కదా అని కొందరు అంటారు. నిజమే, కానీ అది సిలికాన్. రంగు వేసే చోట సిలికాన్ చుక్క పడినా, తుంపర ఎగిరినా, ఇందాక చెప్పిన చేప కళ్లు ఖాయం. డ్యాష్‌బోర్డు, టైర్లు మెరవడానికి వాడే స్ప్రేలలో కూడా సిలికాన్ ఉంటుంది. షెడ్డులో వాటిని అసలు ఉంచవద్దు.

ఇక చిల్లులు. లైట్లు, అద్దాలు, పెట్రోల్ మూత, నంబర్ ప్లేటు, బంపర్ గొట్టాలు, అన్నిటికీ చిల్లులు రంగుకు ముందే పడిపోవాలి. అన్నీ ఒకసారి పూర్తిగా బిగించి చూసి మళ్లీ విప్పాలి. రెండుసార్లు చేసే పనిలా అనిపిస్తుంది కానీ, మెరిసే బాడీ మీద డ్రిల్ పట్టుకుని నిలబడితే ఆ టెన్షన్ ఏమిటో అప్పుడు తెలుస్తుంది. డ్రిల్ బిట్ జారితే జెల్‌కోట్ నక్షత్రంలా పగులుతుంది. చిల్లు పెట్టేచోట మాస్కింగ్ టేపు అంటించి, చిన్న బిట్‌తో మొదలుపెట్టి, నొక్కకుండా తిప్పండి. బోల్టు కింద వెడల్పాటి వాషర్ వేయండి, లేదంటే బిగింపు అంతా ఒక్క చోట పడి అక్కడా పగులుతుంది.

లైట్లు పెట్టేటప్పుడే వైరింగ్ గురించి ఒక సంగతి. రేకు బాడీ ఉన్న కారులో బల్బుకు ఒక వైరు చాలు, ఎర్త్ బాడీ ద్వారా అందుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. ప్రతి లైటుకూ, హారన్‌కూ, పెట్రోల్ మీటరుకూ విడిగా ఎర్త్ వైరు వేసి ఛాసిస్‌కు కలపాలి. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మసగ్గా వెలగడం లాంటి వింతలకు చాలాసార్లు ఈ ఎర్త్ సరిగ్గా లేకపోవడమే కారణం. రంగుకు ముందే అన్నీ వెలిగించి చూసుకుంటే, తర్వాత బాడీ లోపల చేతులు దూర్చి కొత్త పెయింటును గీసుకునే పని ఉండదు.

అలాగే మీ దేశపు నిబంధనలు కూడా ముందే చూసుకోండి. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఒక్కో కారును విడిగా తనిఖీ చేసే ఐవీఏ పరీక్ష దాటాలి. మనిషికి తగిలే అవకాశమున్న బయటి అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలన్నది అందులో ఒక నియమం. రంగంతా అయ్యాక ఆ అంచులు రుద్దుకోవాల్సి వస్తే ఎంత ప్రాణం ఉసూరుమంటుందో ఆలోచించండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పనికి వద్దాం, బాడీని సాపు చేయడానికి. అచ్చు నాలుగైదు ముక్కలుగా ఉంటుంది కాబట్టి, ఆ ముక్కలు కలిసిన చోట బాడీ మీద గట్లు మిగులుతాయి. చాలామంది వాటిని పైపైన రుద్దేసి సరిపెట్టుకుంటారు. అలా చేయకండి. అక్కడ జెల్‌కోట్ కింద గాలి బుడగలు ఉండటం మామూలే. గట్టు వెంబడి వి ఆకారంలో గాడి కోసి, లోపల బోలు ఉంటే తెరిచి, ముందు గాజు పీచు కలిసిన ఫిల్లర్‌తో నింపాలి. మామూలు పుట్టీ ఆ తర్వాతే, అదీ పల్చగా. ఉత్త పుట్టీతో లోతైన గాడి నింపితే ఏడాది తిరిగేసరికి అదే గీత మళ్లీ బయటికొస్తుంది. సూది మొనంత బుడగలు కనిపిస్తే, రంగు కింద వేసే ప్రైమర్ వాటిని మూసేస్తుందని ఆశపడవద్దు. అది పైన పొరలా పరుచుకుని, ఎండకు లోపలి గాలి వ్యాకోచించినప్పుడు పగిలిపోతుంది. పదునైన మొనతో బుడగను పెద్దది చేసి, స్టాపర్ అనే నున్నటి పుట్టీని లోపలికి నొక్కి నింపాలి.

పుట్టీ రుద్దేటప్పుడు బాడీ ఛాసిస్ మీద బిగించి ఉండాలి, తలుపులు, బానెట్, డిక్కీ మూత వాటి స్థానాల్లో ఉండాలి. ఫైబర్‌గ్లాస్ వంగుతుంది. స్టాండు మీద విడిగా పెట్టి సాపు చేసిన బాడీ, కారు మీద బిగించాక ఇంకో ఆకారంలోకి మారుతుంది. తలుపు చుట్టూ సందు నాలుగైదు మిల్లీమీటర్లు ఒకే తీరుగా ఉండేలా అప్పుడే సరిచేసుకోవాలి. ప్రైమర్, రంగు, దాని మీద మెరుపు కోసం వేసే పారదర్శకమైన క్లియర్ అన్నీ కలిసి మందం పెంచుతాయి. అదీ ఎదురెదురుగా ఉన్న రెండు అంచుల మీద. సందు అర మిల్లీమీటరు దాకా తగ్గినా ఆశ్చర్యం లేదు. బిగుతుగా వదిలేస్తే మొదటిసారి తలుపు తీసినప్పుడే అంచు పెచ్చు లేస్తుంది.

ఇక రుద్దడం. పొడవాటి బ్లాకు కావాలి, వేళ్లతో ఎప్పుడూ రుద్దవద్దు. వేళ్లు ఎత్తుపల్లాల వెంటే పోతాయి, పొడవాటి బ్లాకు అయితే ఎత్తును మాత్రమే కోస్తుంది. పుట్టీకి 80 నంబర్ కాగితం, తర్వాత 180, హై-బిల్డ్ ప్రైమర్ (మందంగా పడే ప్రైమర్) మీద 320, చివరికి 400 నుంచి 600 దాకా. పుట్టీని నీళ్లతో రుద్దకండి, అది నీరు పీల్చుకుంటుంది. ప్రైమర్ అయ్యాకే తడి కాగితం. ప్రతి దశలో పైన నల్ల పొడి గానీ, పల్చటి నల్ల రంగు తుంపర గానీ వేయాలి. దీన్ని గైడ్ కోట్ అంటారు. బ్లాకును ఐమూలగా ఒకవైపు, తర్వాత దానికి అడ్డంగా ఇంకోవైపు నడిపించండి. కాసేపటికి పలక మొత్తం బూడిద రంగులోకి వచ్చి, అక్కడక్కడా అరచేయంత నల్ల మచ్చలు మిగులుతాయి. ఆ నలుపే పల్లం. కంటికి అంతకు ముందు కనిపించదు, చేతికి తగలదు, కానీ నిగనిగలాడే రంగు వేశాక ట్యూబ్‌లైటు నీడ అక్కడ వంకర తిరుగుతుంది. ఆ మచ్చను పోగొట్టాలని అక్కడొక్కచోటే రుద్దితే పల్లం ఇంకా లోతవుతుంది. ప్రైమర్ మళ్లీ కొట్టి, గైడ్ కోట్ వేసి, మొత్తం పలకను మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. మచ్చ లేకుండా పోయేదాకా ఇంతే. కారు అందం ఇక్కడ తేలిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ ఓపిక పట్టిన కారు చవక రంగులో కూడా బాగుంటుంది.

రంగు గురించి చెప్పే ముందు ఊపిరి గురించి చెప్పాలి. దయచేసి ఈ భాగం శ్రద్ధగా వినండి. హార్డెనర్ కలిపి వాడే టూ-కే క్లియర్‌లో, చాలా టూ-కే ప్రైమర్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఇవి ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత పీల్చినా దాడి చేస్తుంది, జీవితాంతం వాటికి దూరంగా ఉండాల్సిందే. ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా వాసనతో తెలియదు. బొగ్గు ఫిల్టరు మాస్కు ఎప్పుడు పనిచేయడం మానేసిందో కూడా మీకు తెలియదు. బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టం ద్వారా అందించే మాస్కు ఉండాలి, ఒళ్లూ కళ్లూ కప్పుకోవాలి. గన్ ఆపేశాక కూడా పొగమంచు కాసేపు గాలిలోనే ఉంటుంది, కనపడకపోయినా ఉంటుంది, మాస్కు వెంటనే తీయకండి. ఇంటికి ఆనుకుని ఉన్న షెడ్డయితే ఆ గాలి పిల్లలున్న గదిలోకి పోతుంది. పైగా థిన్నర్ ఆవిరి అంటుకోవడానికి హీటరు గానీ, మామూలు ఫ్యాను మోటారు నిప్పురవ్వ గానీ చాలు.

అందుకే నా సలహా ఇది. సాపు చేసే పని మొత్తం ఇంట్లో చేసుకోండి. క్లియర్ కొట్టడానికి స్ప్రే బూత్ (పెయింటు కొట్టే గది) అద్దెకు తీసుకోండి, లేదా ఆ ఒక్క పని వృత్తి పెయింటరుకు ఇవ్వండి. కారు మీరు కట్టినట్టు కాదేమో అని బాధపడే పని లేదు. పెయింటింగు ఖర్చులో ఎక్కువ భాగం కూలిదే, అందులో ఎక్కువ సాపు చేయడానికే పోతుంది. అది మీరే చేశారు. పెయింటరు దగ్గరికి వెళ్లేముందు ఒక్కటి అడగండి, మీరు వాడిన ప్రైమర్ మీద ఆయన రంగు పడుతుందా అని. వీలైతే మొదటి నుంచీ ఆయన చెప్పిన కంపెనీ సామానే వాడండి.

సొంతంగా కొట్టేవాళ్లకు కొన్ని మాటలు. రంగుకూ క్లియర్‌కూ 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్, హై-బిల్డ్ ప్రైమర్‌కు 1.7 నుంచి 2 దాకా. గన్ పలకకు జానెడు దూరంలో, సమాంతరంగా నడవాలి. మణికట్టు తిప్పితే అంచుల్లో పల్చగా, మధ్యలో దట్టంగా పడుతుంది. ప్రతి వరస దాని ముందు కొట్టిన వరసను సగం కప్పాలి. కంప్రెషర్ గొట్టంలో నీరు చేరకుండా ట్రాప్ పెట్టండి. ఫైబర్‌గ్లాస్‌ను గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మును లాగుతుంది, యాంటీస్టాటిక్ ద్రావకంతో తుడిచి కాసేపు ఆగండి. రెండు కోటింగుల మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాల్సిందే. తొందరపడితే లోపల చిక్కుకున్న థిన్నర్ బుడగలై పైకి తంతుంది. మొదటిసారి కొట్టేవాళ్లు మెటాలిక్ జోలికి పోవద్దు. అందులోని రేణువులు గన్ వేగం మారినచోటల్లా మబ్బుల్లా కనిపిస్తాయి. మామూలు రంగులో తప్పు పడితే రుద్ది సరిచేసుకోవచ్చు.

కోబ్రా మీద రెండు తెల్ల చారలు కావాలని అందరికీ ఉంటుంది. ఒక మాట గుర్తుంచుకోండి. అసలు కోబ్రాల బాడీలు చేత్తో సాగగొట్టినవి, ఎడమా కుడీ అచ్చంగా ఒకటి కావు. అలాంటి కారు నుంచి తీసిన అచ్చులో ఆ తేడా కూడా వస్తుంది. టేపు కొలతతో సరిగ్గా మధ్యలో వేసిన చార, ముక్కు దగ్గర పక్కకు పోయినట్టు కనిపించవచ్చు. దారం కట్టండి, సన్నటి ఫైన్‌లైన్ టేపు అంటించండి, ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. కన్ను ఒప్పుకున్నదే ఉంచండి. చారలు క్లియర్ కింద ఉంటే అంచు చేతికి తగలదు.

చారల దగ్గరకు వచ్చాం కాబట్టి బ్యాడ్జీల గురించి కూడా. రెప్లికాను రెప్లికాగానే రిజిస్టర్ చేయించండి, అమ్మేటప్పుడు అలాగే చెప్పండి. అసలు కారు ఛాసిస్ నంబరు పోలిన ప్లేటు బిగించడం రేపు కొనేవాడిని మోసం చేయడమే. మీ చేతులతో కట్టిన కారుకు ఆ అరువు పేరు అక్కర్లేదు.

చివరగా, రంగు మిగిలితే పారేయకండి. హార్డెనర్ కలపని బేస్ రంగును చిన్న సీసాలో నిండుగా పోసి బిగుతుగా మూత పెట్టండి. సీసా మీద రంగు కోడ్, కంపెనీ పేరు, కలిపిన తేదీ, వాడిన థిన్నర్ రాసి అంటించండి. కారు రోడ్డెక్కిన మొదటి వారంలోనే ముందు చక్రం నుంచి ఒక రాయి ఎగిరి వెనక రెక్కకు తగులుతుంది. ఆ రోజున అదే రంగు మళ్లీ కలిపించుకోవాలన్నా, దుకాణంలో మొదట అడిగేది ఆ కోడే.